చివర ఒక ‘సీ’

మా అన్నయ్య నాతో తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు. కారణం ఆస్తి కాదు, పెళ్ళి కాదు, ఎవరి పిల్లల్ని ఎవరో ఏదో అనడం కాదు. ఒక్క అక్షరం. అదీ ఇంగ్లీషు అక్షరం, ‘సీ’. బయటివాళ్ళకి చెబితే నవ్వుతారని చెప్పడం మానేశాను. మీరూ నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం.

మేమిద్దరం హామ్ రేడియోవాళ్ళం. అంటే లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే చేసుకున్న చిన్న ట్రాన్స్‌మిటరుతో, మాలాంటి పిచ్చి ఉన్న మిగతావాళ్ళతో గాలిలో కబుర్లు చెప్పుకునేవాళ్ళం. చాలామంది మైకు పట్టుకుని నోటితోనే మాట్లాడతారు. మాది పాత పద్ధతి. కీ నొక్కి చుక్కలు, గీతలు పంపిస్తాం. తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో మోర్సుగా వెళ్తాయి. నేర్పింది మా నాన్న. చిన్నప్పుడు భోజనాల దగ్గర చెంచాతో బల్ల మీద కొట్టి ఉప్పు అడిగేవాళ్ళం. అమ్మకి మోర్సు రాదు కాబట్టి కూర బాగాలేదన్న సంగతి కూడా ఆ బల్ల మీదే చెప్పుకునేవాళ్ళం. ఆవిడకి అర్థం కాదనుకునేవాళ్ళం కానీ, మొహాలు చూసి ఎవరికి గరిటెతో తగిలించాలో బాగానే కనిపెట్టేది.

అన్నయ్య గడియారాలు బాగుచేస్తాడు. ఇక్కడికి ఆరు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉంటాడు. నేను అచ్చాఫీసులో ముప్ఫై రెండేళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరయ్యాను. అక్కడ నా పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు, ‘ఎర్రసిరా’ అనేవాళ్ళు. పెళ్ళిపత్రిక చేతికొచ్చినా ముందు అచ్చుతప్పులు చూసి ఆ తర్వాతే ఎవరి పెళ్ళో చూస్తాను. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు. ఈ గుణం వల్ల నాకు జరిగిన మేలు తక్కువ.

ఇప్పుడు ఆ ‘సీ’ సంగతి. మాలో ఇద్దరు గాలిలో కలుసుకుంటే ముందు ఒకరికొకరు రిపోర్టు ఇచ్చుకోవాలి. మూడు అంకెలు. మొదటిది, పంపేది అర్థమవుతోందా లేదా అని ఐదుకి. రెండోది, ఎంత గట్టిగా వినబడుతోందని తొమ్మిదికి. మూడోది, స్వరం ఎంత శుభ్రంగా ఉందని తొమ్మిదికి. ఏ లోపమూ లేకపోతే ఐదు తొమ్మిది తొమ్మిది. కొన్ని సెట్లలో కీ నొక్కగానే స్వరం నిలకడగా నిలబడదు, కాస్త జారుతుంది. వినేవాళ్ళకి పిట్ట కూసినట్టుంటుంది. అలా ఉంటే అంకెల తర్వాత ఒక సీ తగిలించాలి. ‘నీ సెట్టు కూస్తోంది నాయనా, చూసుకో’ అని దానర్థం.

పద్ధతి అదీ. జరిగేది వేరు. అందరూ అందరికీ ఐదు తొమ్మిది తొమ్మిదే ఇచ్చుకుంటారు. పొద్దున ఏడింటికి మా గుంపంతా గాలిలో ఒకే చోట చేరతాం. దాన్ని నడిపించేది ఒక రిటైర్డు పోస్టుమాస్టరు గారు. ఆయన ఉత్తరాల మీద ముద్ర కొట్టినట్టు వచ్చినవాళ్ళకల్లా ఐదు తొమ్మిది తొమ్మిది కొట్టేస్తారు. ఒకసారి మా ఏరియల్ తీగ తెగి కింద పడిపోయినప్పుడు కూడా నాకు ఐదు తొమ్మిది తొమ్మిదే వచ్చింది. ‘మళ్ళీ పంపండి, వినబడలేదు’ అని ఆయనే అడిగారు, అంకెలిచ్చిన మరుక్షణం.

తొమ్మిదేళ్ళ కిందట అన్నయ్య సొంతంగా ఒక ట్రాన్స్‌మిటరు చేశాడు. రెండేళ్ళ ఆదివారాలు దానికే పోశాడు. పాత రేడియోల గాజు వాల్వులు ఎక్కడెక్కడి నుంచో ఏరి తెచ్చాడు, అల్యూమినియం రేకు తనే వంచాడు, కాయిళ్ళు తనే చుట్టాడు. గడియారాలవాడి చెయ్యి కదా, లోపల ఒక్క సోల్డరు బొట్టు కూడా వంకరగా లేదని మా వదిన ఫోన్లో చెప్పింది. మొదటిరోజు పొద్దున ఏడింటికి గాలిలోకి వచ్చాడు. అందరూ ఐదు తొమ్మిది తొమ్మిది. పోస్టుమాస్టరు గారైతే ‘ముత్యాలు రాలుతున్నాయి’ అన్నారు. నా వంతు వచ్చింది. ఐదు తొమ్మిది ఏడు, చివర సీ.

కూసింది మరి. నేనేం చెయ్యను? పిట్టలా కాదు, పిట్టల గూడులా కూసింది.

ఆ తర్వాత అన్నయ్య దగ్గర్నుంచి ఏమీ రాలేదు. మర్నాడు వచ్చాడు, అందరినీ పలకరించాడు, నన్ను తప్ప. ఆ మర్నాడూ అంతే. ‘సొంత చెల్లెలు పదిమందిలో పరువు తీసింది’ అన్నాడని వదిన చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. నాన్న నేర్పిన పద్ధతే కదా పాటించాను, నేనెందుకు తగ్గాలి అని కూర్చున్నాను. మూతి ముడుచుకోవడంలో మేమిద్దరం ఒకరికొకరు తీసిపోం. నెల గడిచాక తగ్గుదామనుకున్నాను, కానీ అప్పటికి ఎలా తగ్గాలో తెలియలేదు. ఫోన్ చేస్తే వదినే తీసేది. ‘ఉన్నారమ్మా, పనిలో ఉన్నారు’ అనేది. మా ఇళ్ళల్లో మంచీ చెడూ జరిగినప్పుడు వదిన వచ్చేది, తను వచ్చేవాడు కాదు. గడియారాలకి తీరిక దొరకలేదట.

కానీ ఒకటుంది. ప్రతిరోజూ ఏడింటికి మేమిద్దరం ఒకేచోట ఉండేవాళ్ళం. తను పంపేది నేను వినేదాన్ని, నేను పంపేది తనకి వినబడేది. ఒకే బస్సులో ఎదురెదురు సీట్లలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళలా తొమ్మిదేళ్ళు. తను వినడం లేదేమోనని ఎన్నిసార్లు బెంగపడ్డానో. నాకు అరవై నాలుగు నడుస్తోంది, తనకి అరవై తొమ్మిది. ఒక్కసారి నా కాల్‌సైను, అంటే గాలిలో నా పేరు, పిలిస్తే చాలు, ఆ సెట్టు నక్కలా ఊళపెట్టినా సరే ఐదు తొమ్మిది తొమ్మిది ఇచ్చేస్తానని ఎన్నో ఏళ్ళుగా మనసులో అనుకుంటూ ఉన్నాను. నాకు ఇంకేమీ అక్కర్లేదు. అన్నయ్య కావాలి, అంతే.

మొన్న మంగళవారం పొద్దున మామూలుగానే వంటింటి పక్కనున్న సామాన్ల గదిలో కూర్చున్నాను. నా సామ్రాజ్యం అదే. ఒక బల్ల, దాని మీద నాన్న రిసీవరు, అచ్చాఫీసు వాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్న అచ్చక్షరాలు పెట్టే చెక్క అరలో నేను బిగించుకున్న రెండు వాల్వుల ట్రాన్స్‌మిటరు, చెక్కకి బిగించిన కీ. మా ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. ఆయనకి మోర్సు రాదు. నలభై ఏళ్ళ కాపురంలో ఒక్క అక్షరం నేర్చుకోలేదు. ‘నువ్వు నోటితో అనేదే అందుకోలేకపోతున్నా, చేత్తో అనేది కూడానా’ అంటారు.

పోస్టుమాస్టరు గారు అందరినీ పలకరించి సెలవు తీసుకున్నారు. నేను హెడ్‌ఫోన్లు తీయబోతున్నాను. అప్పుడు వచ్చింది నా కాల్‌సైను.

అది ఎవరి చెయ్యో మొదటి అక్షరానికే తెలిసిపోయింది. మాలో ప్రతివాళ్ళ చేతికీ ఒక నడక ఉంటుంది. అన్నయ్య గీత కాస్త సాగుతుంది, తర్వాత చుక్క టక్కున పడుతుంది. నా కాల్‌సైను రెండుసార్లు పంపి, వెనకే తనది పంపి, ఆగాడు. చెవుల్లో రక్తం కొట్టుకుంటున్న చప్పుడులో తను పంపిన చివరి ముక్క సరిగ్గా వినలేదు కూడా. మళ్ళీ పంపాడు. ‘కొత్త సెట్టు. రిపోర్టు ఇవ్వు.’

కొత్త సెట్టు కూడా కూస్తోంది. నిజం చెప్తున్నాను, పాతదానికంటే ఘోరంగా కూస్తోంది. దానికి తోడు వెనకాల సన్నటి గుర్రు కూడా ఉంది. స్వరానికి ఆరు కంటే ఎక్కువ ఇవ్వడానికి వీల్లేదు.

‘ఐదు తొమ్మిది తొమ్మిది. చాలా బాగుంది అన్నయ్యా’ అని పంపించాను.

తర్వాత ‘సరే’ అని మాత్రం వచ్చింది. ఆ తర్వాత వట్టి గాలి. నేను పిలిచాను, మళ్ళీ పిలిచాను. సెట్టు కట్టేసినట్టున్నాడు.

“ఏమైందోయ్, మొహం అలా పెట్టావు?” అన్నారు మా ఆయన పేపరు దించి.

“అన్నయ్య పిలిచాడు.”

“మంచిదే కదా.”

“రిపోర్టు అడిగాడు. బాగుందని చెప్పాను. వెళ్ళిపోయాడు.”

“బాగాలేదంటే తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు, బాగుందంటే వెంటనే వెళ్ళిపోయాడు. మీ ఇంట్లో పుట్టనందుకు అదృష్టవంతుణ్ణి” అని మళ్ళీ పేపర్లో దూరారు. ఇంకో రోజైతే దానికి తగ్గ సమాధానం చెప్పేదాన్నే.

పది నిమిషాలకి ఫోన్ మోగింది. వదిన.

“ఏమ్మా, ఏమన్నావు ఆయన్ని? హెడ్‌ఫోన్లు తీసేసి అలా గోడకేసి చూస్తూ కూర్చున్నారు. కాఫీ కూడా ముట్టుకోలేదు.”

“ఏమీ అనలేదు వదినా. బాగుందన్నాను. ఒట్టు.”

“ఉండు. ఆయనే వస్తున్నారు. ఇదిగో, ఇస్తున్నా.”

తొమ్మిదేళ్ళ తర్వాత అన్నయ్య గొంతు విన్నాను. ముసలిదయిపోయింది. నాన్న గొంతు చివర్లో ఎలా ఉండేదో అలా ఉంది.

“అబద్ధం చెప్పావు” అన్నాడు.

బావున్నావా లేదు, ఏం చేస్తున్నావు లేదు. అదీ మొదటి మాట. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

“నిజం చెప్తే తొమ్మిదేళ్ళు పలకలేదు. అబద్ధం చెప్తే పది నిమిషాల్లో ఫోన్ చేశావు. నేనేది చెప్పాలి మరి?”

అటువైపు నవ్వాడో దగ్గాడో తెలియలేదు.

“కూస్తోందా?” అన్నాడు.

“నీకు తెలీదా?”

“పక్కన ఇంకో రేడియో పెట్టుకుని నేనూ వింటున్నాగా. పిల్లి తోక తొక్కినట్టుంది. బాగుందని పోస్టుమాస్టరు గారంటే పర్లేదు. నువ్వు కూడా అలా అంటే నేనెవర్ని అడగాలి?”

ఇన్నేళ్ళుగా ఎప్పుడూ పైకి అనని మాట ఒకటి ఉంది, అది అప్పుడు వచ్చేసింది.

“అన్నయ్యా, ఆ రోజు నీకు ఫోన్ చేసి చెప్పాల్సింది. అందరూ వింటుండగా అన్నాను. నువ్వు రెండేళ్ళు కూర్చుని చేసుకున్నది. అది తప్పే.”

“చాలా త్వరగా తెలుసుకున్నావు.”

“నీకేమైనా త్వరగా తెలిసిందా?”

“నాకూ పౌరుషం ఎక్కువే. సర్లే. సెట్టు దగ్గరికి వెళ్ళు. ఇప్పుడు ఎవరూ ఉండరు అక్కడ. సరైన రిపోర్టు ఇవ్వు. నీకూ నేను ఇవ్వాలి, ఇందాక ఇవ్వలేదు” అని ఫోన్ పెట్టేశాడు.

పద్ధతి ప్రకారం అదీ నిజమే. రిపోర్టు ఒకవైపు నుంచి ఇస్తే సరిపోదు, ఇద్దరూ ఇచ్చుకుంటేనే కలుసుకున్నట్టు లెక్క. నేను వెళ్ళి కూర్చున్నాను. ఈసారి దాచుకోలేదు. ఐదు ఏడు ఆరు, చివర సీ. కీ నొక్కగానే స్వరం పైనుంచి కిందికి జారుతోంది. వెనకాల గుర్రు వినబడుతోంది, పవర్ సప్లైలో కండెన్సరు ముసలిదైనట్టుంది. మొదటి వాల్వుకి కరెంటు వేరేగా ఇవ్వు, పెద్దదానితో కలిపి ఇస్తే అది లాక్కున్నప్పుడల్లా చిన్నది నీరసపడిపోతోంది. ఇదంతా కుండబద్దలు కొట్టినట్టు పంపాను. పంపుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ముప్ఫై రెండేళ్ళలో ఏ ప్రూఫు దిద్దినప్పుడూ అంత హాయి లేదు.

‘అందింది. అన్నీ రాసుకున్నాను’ అన్నాడు. ‘ఇప్పుడు నీది.’

‘ఊ’ అన్నాను.

‘ఐదు తొమ్మిది తొమ్మిది. సెట్టు బంగారం.’

నా మొహం చేటంత అయింది. అన్నయ్య మాత్రం ఆగలేదు.

‘రిపోర్టులో చేతికి అంకె లేదు. ఉంటే, ఒకప్పుడు నీకు తొమ్మిది ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు నాలుగు.’

నాకు అర్థం కాలేదు. ప్రశ్న గుర్తు పంపాను.

‘చుక్కలు కలిసిపోతున్నాయి. మూడు పంపాల్సిన చోట నాలుగు పడుతున్నాయి. గీత మధ్యలో వణుకుతోంది. రెండేళ్ళ నుంచి. మొదట్లో వారానికోసారి, ఇప్పుడు రోజూ. కీ తప్పు కాదు. నా పని గడియారాలతో. నడక తప్పితే నాకు తెలుస్తుంది. చెయ్యి డాక్టరుకి చూపించు.’

నేను కాగితం మీద రాసుకున్న ఆ మాటల్ని అలాగే చూస్తూ ఉండిపోయాను. ఆ రెండేళ్ళలో కీ స్ప్రింగు మూడుసార్లు మార్చాను. కాంటాక్టులు గీకి గీకి అరగదీశాను. సూదిలో దారం ఎక్కకపోతే కళ్ళజోడు మార్చాను. కప్పు సాసరు మీద టకటకలాడితే బల్ల ఎగుడుదిగుడుగా ఉందని మా ఆయన చేత దాని కాలి కింద అట్టముక్క పెట్టించాను. పోస్టుమాస్టరు గారు నా కాల్‌సైను రెండేసిసార్లు అడుగుతుంటే పాపం ఆయనకి చెవుడొస్తోందని జాలిపడ్డాను. ఊళ్ళో వాళ్ళందరి తప్పులూ పట్టుకునే మనిషిని, నా చేతిలో ఉన్నదాన్ని పట్టుకోలేకపోయాను. లేదా పట్టుకోదల్చుకోలేదు. కుడిచెయ్యి బల్ల మీద పెట్టి చూశాను. బొటనవేలు తనంతట తనే మెల్లగా కదులుతోంది. నాకు భయమేసింది.

భయం కంటే ముందు కోపమే బయటికొచ్చింది. అది నా తీరు. ‘రెండేళ్ళుగా తెలిసి నోరు మూసుకుని కూర్చున్నావా’ అని పంపాను.

జవాబు సాగే గీతలతో, నెమ్మదిగా వచ్చింది.

‘నిజం చెప్పినందుకు నేను నీతో ఏం చేశానో నాకు తెలుసు. నువ్వూ అదే చేస్తే? అప్పుడు వినడం కూడా ఉండదు. పొద్దున ఏడింటికి నువ్వు రావడం మానేస్తే నేనేం వినను? అందుకని ముందు నా సెట్టును నీ చేత తిట్టిద్దామనుకున్నా. కూస్తోందని తెలిసే తెచ్చా. నువ్వు తిడితే, నీది చెప్పడానికి నాకు ధైర్యం వస్తుందని. నువ్వేమో బాగుందన్నావు.’

అయితే విన్నాడన్నమాట. తొమ్మిదేళ్ళూ, ప్రతి పొద్దునా. నా చుక్కలు లెక్కపెట్టేంతగా విన్నాడు.

కళ్ళు తుడుచుకున్నాను. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి నా వైపే చూస్తున్నారు. ఏమైందని అడగలేదు. లేచి వచ్చి నా వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశారు. ఆ బల్ల కాలి కింద అట్టముక్క ఎందుకు కావాల్సి వచ్చిందో ఆయనకి ఎప్పుడో తెలుసని నాకప్పుడు తట్టింది.

‘ఎప్పుడొస్తావు’ అని పంపబోయాను. పదకొండు అక్షరాలు. రెండో అక్షరం దగ్గరే చెయ్యి తప్పింది. ఎవరో చెప్పాక చెవికి ఎంత స్పష్టంగా తెలుస్తుందో. మోర్సులో తప్పు పడితే ఎనిమిది చుక్కలు పంపాలి. ‘ఇప్పుడు పంపింది కొట్టేసుకో, మళ్ళీ పంపుతున్నా’ అని. నా జీవితంలో నేను ఎక్కువగా వాడని గుర్తు అది. ఎనిమిది పంపాను. ఏడు పడ్డాయి. మళ్ళీ పంపాను. తొమ్మిదో పదో పడ్డాయి, లెక్క తెలియలేదు. ఇంతకాలం అందరి తప్పులూ దిద్దిన చెయ్యి, నాది తప్పు అని చెప్పుకోవడానికి కూడా పనికిరాకుండా పోయిందని ఏడుపొచ్చింది.

అన్నయ్య అడ్డు రాలేదు. ఊహించి పూర్తిచేయలేదు. నేను ఆగినప్పుడల్లా ఒక్క చుక్క పంపాడు, ఉన్నానని. నేను ఒక్కో అక్షరం పంపడం, తను అదే అక్షరాన్ని తిరిగి పంపడం, సరైతే ముందుకి, కాకపోతే మళ్ళీ మొదలు. ఆ ఒక్క మాట పంపడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు. కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వచ్చి కీ దాకా పాకింది. మా ఆయన అలాగే నిలబడి ఉన్నారు.

‘అందింది’ అన్నాడు అన్నయ్య. ‘రేపు మధ్యాహ్నం బస్సుకి దిగుతాం. ఎల్లుండి డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. ఇంకేమైనా చెప్పాలా?’

చెప్పాల్సింది తొమ్మిదేళ్ళకి సరిపడా ఉంది. ‘ఉంది, నెమ్మదిగా పంపుతాను’ అన్నాను.

‘పంపు’ అన్నాడు.